జానెడు కాగితం

“ఆ గ్లాసులిలా ఇచ్చెయ్,” అంటూ పాదరసం పొగలు కక్కుతున్న టీ గ్లాసులు రెండూ బల్ల మీది నుంచి తీసి, దూరంగా కిటికీ గట్టు మీద పెట్టాడు.

మందుల గోదాములో చల్లగది యంత్రాలు చూసుకునే మెకానిక్ ఆయన. ఒకచోట పట్టుమని పది నిమిషాలు కూర్చోడని అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. ఆ రోజైతే మరీను. కూర్చుంటే కాలు ఊపుతున్నాడు, లేస్తే కిటికీ దగ్గరికి పోతున్నాడు.

స్టోర్ కీపర్ ఖాళీ అయిన బల్ల మీద నిన్నటి చార్టు పరిచింది. జానెడు కాగితం. చల్లగదిలో ఉష్ణోగ్రత ఎంతుందో రికార్డరు రోజంతా దాని మీద గీస్తూనే ఉంటుంది. సిరా ఉండదు. వేడి సూది తగిలినచోట కాగితం నల్లబడుతుంది, అదే గీత.

“చూడండి బాబాయ్. పన్నెండూ నలభై దాకా గీత బుద్ధిగానే ఉంది. అక్కణ్ణించి ఎగబాకింది. నిన్న నేను రెండింటికి డ్యూటీకొచ్చి, తలుపు ఓరగా తెరిచి ఉంటే మూశాను. అదిగో, అక్కడ దిగింది.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “నిజమే. నీ తప్పేం లేదు.”

“అది మేనేజర్ గారు నమ్మాలిగా!”

గదిలో ఉన్న ఇన్సులిన్ పెట్టెలన్నీ పాడయ్యాయని మేనేజరు నిన్ననే వాటిని పారేయించాడు. చల్లగది తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి: వీళ్ళిద్దరూ, లోడింగ్ మేస్త్రీ. నాలుగింటికి ముగ్గురూ తన గదికి రావాలనీ, తలుపు మూయడం మరిచినవాళ్ళు ఇక ఇంటికేననీ చెప్పేశాడు. ఆమె భర్త పనిచేసే మిల్లు మూతపడి ఆరు నెలలైంది. ఇంటిల్లిపాదీ ఆమె ఉద్యోగం మీదే బతుకుతున్నారు. రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

“ఈ కాగితమే నీ ప్రాణం తల్లీ,” అన్నాడు పాదరసం. నాలుగు నెలల్లో రిటైరయ్యే ఆయన, ఆమె ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమెను కూతురిలాగే చూసుకున్నాడు. “జాగ్రత్త. ఆ మేస్త్రి పొద్దుట్నించి ఈ గది చుట్టూ గింగిరాలు కొడుతున్నాడు.”

“నేనూ చూశాను. ఎక్కడ లాక్కుని చించేస్తాడోనని గుండె పీచుపీచుమంటోంది. బాత్రూంకి కూడా వెంటబెట్టుకునే వెళ్ళాను.”

“అట్లా మోస్తే నలిగి నాశనమవుతుంది.” ఆయన మళ్ళీ లేచాడు. కిటికీలోంచి బయటికి చూసి వెనక్కి తిరిగాడు. “ఒక పని చెయ్. ఎదురు జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించు. నీళ్ళు పడ్డా పాడవదు, చించుదామన్నా చిరగదు.”

“జెరాక్స్ తీయిస్తే చాలదా?”

“కాపీ చూపిస్తే దిద్దావంటాడు. అసలుదే కావాలంటాడు. ఆయన సంగతి నాకు తెలీదూ?”

ఆమె కిటికీ గట్టు మీదున్న గ్లాసుల వంక చూస్తూ ఉండిపోయింది.

“నాకీ ఆలోచనే తట్టలేదు బాబాయ్,” అంది చివరికి. చార్టును పాత చార్టుల ఫైల్లో పెట్టి, ఫైలును బ్యాగులో దోపుకుని బయల్దేరింది.

ఆమె రోడ్డు దాటి షాపులోకి వెళ్ళేదాకా పాదరసం కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాడు. గడియారం చూసుకున్నాడు. మీసం కొరుక్కున్నాడు. పది నిమిషాలకు ఆమె తిరిగొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“ఏమైంది బాబాయ్ ఇది?”

ప్లాస్టిక్ రేకుల మధ్య కాగితం బొగ్గులా నల్లగా ఉంది. గీత లేదు, గళ్ళు లేవు. అంచున పెన్సిలుతో వేసిన తేదీ కూడా ఆ నలుపులో కలిసిపోయింది.

“అయ్యో అయ్యో! అది వేడి మిషను కదా! నా బుద్ధి గడ్డి తిన్నది తల్లీ!” ఆయన తల బాదుకున్నాడు.

ఆమె బల్ల మీద తల వాల్చి నిజంగానే ఏడ్చింది.

“ఊరుకో. మేనేజరుతో నేను మాట్లాడతాను. నేను లేనూ?” అని ఓదార్చాడు. ఆ తర్వాత కుర్చీలో జారగిలబడి, చల్లారిన టీ గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. నాలుగయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు.

మేనేజరు నల్లటి ముక్కను అటూ ఇటూ తిప్పాడు. “ఏమిటిది?”

“చిన్నపిల్ల సార్. తెలీక లామినేషన్ చేయించింది,” అన్నాడు పాదరసం.

ఆమె చివ్వున తలెత్తింది.

మేనేజరు గేటు పుస్తకం తెరిచాడు. “మేస్త్రి పదకొండున్నరకే లారీ ఎక్కాడు. తిరిగొచ్చింది సాయంత్రం.”

“పొద్దుట్నించి అదే చెబ్దామని తిరుగుతున్నా సార్, ఎవరూ వినరు!” అన్నాడు మేస్త్రి.

“నువ్వాగు. అతను వెళ్ళేప్పటికి గది బాగానే ఉందని లెడ్జర్లో రాసి ఉంది. ఇక మిగిలింది మీరిద్దరు. గీత రెండింటికి ముందు లేచిందా, తర్వాతా?”

పాదరసం గొంతు సవరించుకున్నాడు.

“నల్లబడకముందు నేను చూశాను సార్. చెప్పడానికి నోరు రావడం లేదు. రెండు దాటాకే లేచింది. మొదటి తప్పు, పెద్ద మనసు చేసుకోండి.”

“నువ్వేమంటావమ్మా?”

ఆమె పాదరసం వైపు తిరిగింది.

“వేడి తగులుతుందని కాగితం పక్కన టీ గ్లాసు కూడా ఉండనివ్వరు బాబాయ్ మీరు. పొరపాటునే ఆ సలహా ఇచ్చి ఉండాలని ఇప్పటిదాకా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.” కళ్ళు తుడుచుకుని బ్యాగు తెరిచింది.

“నల్లబడింది పోయిన వారం చార్టు.”