కట్ చెప్పేదాకా

"కట్ చెప్పేదాకా కండ్లు తెరవొద్దు కీర్తనా. తెరిస్తే టేక్ పోతాది" అన్నాడు హరీష్.

పెనుకొండ కోటలో పాడుబడిన మంటపం అది. ధర్మవరం పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది కీర్తన. హరీష్ ఇంతవరకూ తీసినవన్నీ పెళ్లి వీడియోలే అయినా హిందూపురంలో అందరూ అతన్ని డైరెక్టర్ అనే పిలుస్తారు. ఇది అతని మొదటి షార్ట్ ఫిల్మ్. ప్రొడ్యూసర్ కీర్తన నాయన నరసింహులు.

అదే కీర్తనకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మేనమామ గోవిందును కాదని, ప్రణీత్‌ను తప్ప ఎవర్నీ చేసుకోనని ఆమె మొండికేస్తే, వాడి పేరెత్తితే కాళ్లు విరగ్గొడతానన్న మనిషి ఆయన. పోయిన వారం తనంతట తనే వచ్చి, "ముందు ఇద్దరూ కలిసి సినిమాలో చేయండి. పెండ్లి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. పిచ్చిపిల్ల సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"ప్రణీత్ యాడన్నా?"

"కింద మేకప్‌లో ఉండాడు. నువ్వు చూడకూడదు."

"ఎందుకు?"

"సస్పెన్సంటే అదేమ్మా. ఎనక నుంచి వచ్చేది ఎవరో చూసేవాళ్లకు తెలుస్తాది, హీరోయిన్‌కు తెలీదు. అప్పుడు సీట్లో కూర్చున్నోడు కుదురుగా ఉండలేడు. ముందు నవ్వుతాండే నీ ముఖం క్లోజప్. తర్వాత తాళి కట్టే చేతులు. ఆయప్ప ముఖం నీకు చివర్లోనే."

"ఎవరో తెలీకుండా నవ్వమంటే ఎట్లన్నా?"

"ప్రణీత్‌నే తలుచుకో. బలవంతంగా కట్టినట్టు ఉండకూడదు. మంత్రాలు చదివే సామి అడిగితే ఇష్టమేనని గట్టిగా చెప్పు."

కీర్తన సిగ్గుపడింది. పక్కన ఆమె అమ్మ నాగజ్యోతి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏడుస్తాండావేమ్మా, ఉత్త యాక్టింగే కదా."

"తాళిని చూస్తే ఏడుపొచ్చిందిలే పాపా."

తాళి బంగారుదే. గిల్టుది క్లోజప్‌లో తేలిపోతుందని నరసింహులే తెప్పించాడు. జనం కోసం పరిగి నుంచి చుట్టాలను కూడా పిలిపించాడు. కూతురి ముచ్చట తీర్చడానికి నాయన ఇంత చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"యాక్షన్."

కీర్తన కళ్లు మూసుకుంది. మ్యూజిక్ పెట్టనని హరీష్ ముందే చెప్పాడు. రాళ్ల మీద అడుగులు మాత్రం నిదానంగా దగ్గరికొచ్చి ఆమె వెనక ఆగాయి.

"అమ్మాయికి ఇష్టమేనా?" పురోహితుడు అడిగాడు.

"ఇష్టమే" అని ముఖమంతా నవ్వింది కీర్తన.

మెడకు పసుపుతాడు తగిలింది. ముడి వేసే చేతులు వణుకుతున్నాయి. ప్రణీత్‌కు కెమెరా అంటే ఇంత భయమా అనుకుంది. వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. మూడో ముడి పడగానే అక్షింతలు కురిశాయి.

"కట్."

చప్పట్లు వినిపించలేదు. కీర్తన కళ్లు తెరిచి వెనక్కి తిరగబోతే, హరీష్ మానిటర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తిరగొద్దు. ముందు షాట్ చూడు."

నరసింహులు వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

మానిటర్‌లో ఆమె ముఖం నవ్వుతోంది. ఎవరు చూసినా ఇష్టపడి చేసుకుంటున్న పెళ్లికూతురే అంటారు. తర్వాత ముడి వేస్తున్న చేతులు కనిపించాయి. అక్కడి నుంచి కెమెరా తెల్లచొక్కా మీదుగా, భుజం మీదుగా, మెల్లగా పైకి పోయింది.

ఆ ముఖం ఆమె మేనమామ గోవిందుది.