కఠిన పదాలకు అర్థాలు

"ట్రీజన్ అంటే ఏంటమ్మా?"

బస్సులో పక్క సీటు పెద్దావిడ మళ్లీ అడిగింది.

అమ్మాయి పుస్తకాన్ని కాస్త తనవైపు లాక్కుంది. పగలంతా మందుల షాపులో పని. చదువుకోడానికి దొరికేది ఈ బస్సులో అరగంటే. పాతకాలపు ఇంగ్లీషు విషాద నాటకం. పుస్తకం చివర రెండు వందల కఠిన పదాలు. వాటికే ఇరవై మార్కులు. పోయినేడాది ఆ ఇరవై దగ్గరే డిగ్రీ ఆగిపోయింది.

ఆమెది ఏదో హోటల్లో వంటపని. చేతుల ఉల్లివాసనే ఆ సంగతి చెబుతుంది. పది రోజులుగా పుస్తకంలోకి తొంగిచూసి, రోజుకో నాలుగు మాటలు అడుగుతోంది. చెప్పింది చెప్పినట్టు పెదాల్లోనే వల్లె వేసుకుంటుంది.

మొదట్లో అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆ ఓపిక అయిపోయింది.

"పెళ్లివిందు," అంది తల ఎత్తకుండా.

"విందా? మరి ట్రీజన్ చేసినవాడి తల తీయించాడుగా రాజు?"

"కూరలో ఉప్పెక్కువైంది."

ఆమె ఒళ్లంతా కదిలేలా నవ్వింది. "అయితే మా ఓనరే నయం. తిట్టి వదిలేస్తాడు. మరి పెర్డిషన్?"

"విశ్రాంతి."

ఆ వారమంతా అమ్మాయి నోటికొచ్చిందల్లా చెప్పింది. పగ పందిరైంది. శాపం చెప్పుల జత అయింది.

ఇంట్లో అక్కకి చెప్పి నవ్వింది. అక్క నవ్వలేదు.

"తప్పు కదే. ఆవిడ నమ్మేసి ఉంటుంది."

"నమ్మితే ఏమవుతుంది? ఉల్లిపాయలకి అప్పజెప్పాలా?"

"రేపు చెప్పెయ్, తమాషాకి అన్నానని."

"చెప్తాలే."

మర్నాడు ఆమె బస్సెక్కలేదు. ఆ తర్వాతా రాలేదు. అమ్మాయికి హాయిగానే ఉంది. ఆ సీటులో సంచి పెట్టుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. మొదటి ప్రశ్న, ఇరవై మాటలకి అర్థాలు. ట్రీజన్, రాజద్రోహం. పెర్డిషన్, సర్వనాశనం. అమ్మాయి కలం ఎక్కడా ఆగలేదు.

ముందు బెంచీలో ఎవరో అదనపు కాగితం అడిగారు.

"మొదటి ప్రశ్న అప్పుడే అయిపోయిందా అమ్మా?" ఇన్విజిలేటర్ దగ్గరికెళ్లి మెల్లగా అన్నాడు. "మూడేళ్లుగా చూస్తున్నా. మీరు దాన్ని ఖాళీగా వదిలేసి, ఆ మార్కులతోనే తప్పుతున్నారు."

"ఈసారి చెప్పేవాళ్లు దొరికారు బాబూ. ఒక్కటీ వదల్లేదు."

ఆ గొంతు విని అమ్మాయి తలెత్తింది.

గదిలో అందరికంటే పెద్ద విద్యార్థి వెనక్కి తిరిగి, బస్సులో తనకి చదువు చెప్పిన పంతులమ్మని గుర్తుపట్టి, కళ్లతోనే దణ్ణం పెట్టింది.