కోడలి పేర అత్తగారి నమూనా

ఆ కాలమున ప్రతి స్నానాల గదిలోనూ ఒక ధన్వంతరి పీఠం, అనగా రోగాలు పసిగట్టి పలికే మరుగుదొడ్డి, ఉండేది. ఇంటి ఇల్లాలు నెలకొకసారి దానిపై కూర్చుని మూత్రపు నమూనా సమర్పించుకుంటే తప్ప కుళాయి కరుణించేది కాదు. అరవై దాటిన స్త్రీలను మాత్రం ప్రభుత్వం దయతలచి ఈ సేవ నుంచి విముక్తం చేసింది.

గుంటూరులో తెల్లవారకముందే సిటీబస్సు నడపడానికి పోయే సుబోధినికి అంత తీరిక లేదు. అందుచేత ఏడాదిగా ఆమె పేర అత్తగారు వరాలమ్మే కూర్చుంటున్నది.

ఈ వేకువన సుబోధిని ఇంకా గడప దాటకముందే, వరాలమ్మ కూర్చుని లేవగానే పీఠం గంభీరంగా పలికింది. "సుబోధినీ! పాపిలోమా వైరస్ నీ గర్భాశయ ముఖద్వారాన కణాలను చెడగొట్టినది. ఇంకా క్యాన్సర్ కాలేదు. ఆలస్యం చేస్తే కాగలదు. చికిత్సకు బయలుదేరుము."

"నీ పేరే చెప్పింది, నువ్వే పోయిరా," అంది వరాలమ్మ.

"నేను పోతే నాకు చేస్తారు చికిత్స. జబ్బు మీ దగ్గరే ఉంటుంది అత్తయ్యా."

"ఈ వయసులో నాకెక్కడిదే? మీ మామయ్య పోయి పదేళ్లయింది!"

"కాపురంలో అంటుకున్నది ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుందట. ఆయన హయాంలోదే అయ్యుండొచ్చు."

వరాలమ్మ గోడమీది మొగుడి పటం వైపు తిరిగింది. "బతికున్నన్నాళ్లూ ఒక్క చీర తేలేదు. ఇది మాత్రం దాచిపెట్టి పోయాడు," అని నిట్టూర్చి, చెప్పులు తొడుక్కుంది. గడప దాటబోతూ ఆగింది.

"అవునే, ఏడాదిగా నాదే చూస్తోంది కదా. మరి నీలో ఏముందో?"

సుబోధిని డిపోకు ఫోన్ చేసి, ఈ పూట బస్సు రాదని చెప్పి, స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.