రాసుకోండ్రి సారూ

"నా బిడ్డను నేనే సంపిన సారూ. నన్ను లోపలెయ్యండ్రి."

పోలీస్ స్టేషన్ మెట్ల మీద నిలబడి హేమ్లి ఆ మాట రెండోసారి అన్నది. మొదటిసారి విన్నప్పుడు హెడ్ కానిస్టేబుల్ ఆదినారాయణ పట్టించుకోలేదు. రెండోసారికి కుర్చీలోంచి లేచాడు.

ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. తండా నుంచి అడవి దారిన ఒక్కతే నడిచొచ్చింది. తొలకరి వానకు తడిసిన బట్టలు ఒంటిమీదే ఆరిపోయాయి. మోకాళ్ల దాకా ఎర్రటి బురద.

ఎస్సై లోపలికి పిలిపించాడు. హోంగార్డు భారతమ్మ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ గ్లాసు చేతికిచ్చింది. హేమ్లి తాగలేదు. పట్టుకుని కూర్చుంది.

"బిడ్డకు ఎన్నేండ్లు?"

"ఆరో ఏడు నడుస్తాంది."

"పేరేంది?"

"పెట్టలే సారూ."

ఎస్సై తలెత్తాడు. బడి పేరు ఇంకా పెట్టలేదేమో అనుకున్నాడు.

"మగపిల్లగాడా, ఆడపిల్లా?"

హేమ్లి తల వంచుకుంది. చేతిలో గ్లాసు ఒరిగి చాయ్ ఒళ్లో ఒలికింది. కాలినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

"ఊపిరన్నా తీసుకోనియ్యండి సార్," అంటూ భారతమ్మ గ్లాసు తీసేసి కొంగుతో తుడిచింది.

"ఎప్పుడు జరిగింది?"

"ఆకు కోతలప్పుడు."

బీడీలు చుట్టే తునికాకు కోతలు ముగిసి నెల కూడా కాలేదు. ఎస్సై పెన్ను మూత తీశాడు.

"ఎట్ల సంపినవ్?"

"అడివికి పోవద్దని ఇంట్ల చెప్పిండ్రు. ఇనలే. ఆకుకు పోయిన. గందుకే సచ్చింది."

"ఇంట్ల ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోయినవా?"

"లేదు సారూ. నాతోనే ఉండె."

ఎస్సై రాసుకుంటున్నాడు. హేమ్లి ఆ పెన్ను వంకే చూస్తోంది. తన బిడ్డ గురించి ఒక మనిషి కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి.

ఆ పొద్దున టీచరమ్మ నోటుబుక్కుతో తండాకొచ్చింది. బడికి పోవాల్సిన పిల్లల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. హేమ్లి గడప ముందు మాత్రం ఆగలేదు. అప్పుడే హేమ్లి చేతిలోని చేట కింద పెట్టేసి దారి పట్టింది.

ఇక ఆమె వల్ల కాలేదు. పొయ్యి ముందు కూర్చుంటే అన్నం మాడి పొగలొచ్చే దాకా తెలిసేది కాదు. ఎవరింట్లో పసిబిడ్డ ఏడ్చినా చెవులు మూసుకుని చేలోకి పరిగెత్తేది. రెండుసార్లు బావి దాకా పోయింది. చచ్చిపోతే శిక్ష తప్పించుకున్నట్టవుతుందని రెండుసార్లూ తిరిగొచ్చింది.

"శవం యాడుంది?" అడిగాడు ఎస్సై.

"వాగొడ్డున. నేనే పూడ్చిన."

జీపు కదిలింది. గడ్డపార, పార తీసుకుని ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక కూర్చున్నారు. దారంతా భారతమ్మ హేమ్లి చెయ్యి వదల్లేదు.

వాగు దగ్గర దిగి, హేమ్లి తడబడకుండా నడిచింది. ఒక చోట కూలబడి రెండు అరచేతులూ నేలకు ఆనించింది.

"ఈడనే."

"గింతే గుంత తీసినవా?" అన్నాడు ఆదినారాయణ, చేటంత కూడా లేని ఆ జాగాను చూసి. ఆమె తలూపింది. అతను కానిస్టేబుళ్లకు చుట్టూ పెద్దగా గీత గీసి చూపించాడు.

మోకాలి లోతు తవ్వారు. ఏమీ లేదు. నడుం లోతు తవ్వారు. వేర్లు, ఇసుక, ఊరుతున్న నీళ్లు.

"ఏం లేదు సార్," అన్నాడు ఒకడు, చెమట తుడుచుకుంటూ.

హేమ్లి గుంతలోకి దూకింది. గోళ్లతో మట్టి పీకసాగింది.

"ఉంటది సారూ! నా చేతులతోని పెట్టిన. ఇంకా తవ్వుండ్రి."

"లే చెల్లె, లే," అని భారతమ్మ రెక్క పట్టి లాగింది. హేమ్లి విదిలించుకుని ఎస్సై బూట్లు పట్టుకుంది.

"దొరకకుంటే నన్ను ఇడిసిపెడ్తరా? ఇడవకుండ్రి సారూ! ఉరెయ్యండ్రి. ఇంటికి మాత్రం తోలకుండ్రి."

అంతలో అవతలి గట్టు మీద నుంచి ఎవరో వాగులో పడి పరిగెత్తుకుంటూ వచ్చారు. హేమ్లి మొగుడు బిచ్యా. దుక్కి దున్నుతూ జీపును చూసి అరకను అక్కడే వదిలేసి వచ్చాడు.

ఎస్సై అతని అంగీ పట్టుకుని గుంత అంచుకు ఈడ్చాడు.

"కన్నబిడ్డ నెల సంది కనబడకుంటే ఠాణాకు రావాల్నని తెల్వదా? ఏం దాస్తున్నవ్ రా?"

బిచ్యా గుంతను చూశాడు. అందులో మట్టి కొట్టుకుపోయిన పెళ్లాన్ని చూశాడు. ఆమె గోళ్ల నుంచి నెత్తురు కారుతోంది. ఎస్సైకి చేతులు జోడించాడు.

"దాన్ని ఏమనకుండ్రి సారూ. రాసుకుంటే నా పేరు రాసుకోండ్రి."

"అంటే పిల్లను సంపింది నువ్వా?"

"బిడ్డ పుట్టనే లేదు సారూ, ఆరేండ్ల కింద దానికి మూడో నెలకే కడుపు పోతే, నువ్వే సంపినవని రోజూ అన్నది నేను."