అటు చివర

రాడ్డు మళ్లీ కుదరలేదు.

ఎడమ చివర బోల్టు సుఖంగా దూరింది. కుడి చివర మాత్రం రంధ్రానికి వేలెడు దూరంలో ఆగిపోయి వెల్డర్‌ను వెక్కిరించింది.

అతను స్పానర్‌ని గోడకేసి కొట్టాడు. అది డ్రమ్ము మీద పడి ఖంగుమంది. కోపం మాత్రం తీరలేదు.

ఆ పికప్ బండి బావమరిదిది. కొన్నాళ్ల కిందట నిండు లోడుతో మలుపు తిరుగుతూ పక్కకు పడిపోయింది. బావమరిది ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ, మనిషి బండి ముట్టుకోవడం మానేశాడు. వెనక ఇరుసుకు స్వే బార్ అనే అడ్డ రాడ్డు వేస్తే బండి ఒరగదని ఎవరో చెప్పారు. అంత పాత బండికి అది కొందామన్నా దొరకదు. స్ప్రింగ్ స్టీలు రాడ్డు కాల్చి, వంచి, చేత్తో చేసుకోవాల్సిందే.

"మీ చేతనైతే చెయ్యండి. కాకపోతే కాదని చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాడు నా తమ్ముడు," అంది పొద్దున భార్య.

చేతనైతే అన్న మాట అప్పట్నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతోంది.

మొదటి రాడ్డు వెల్డింగు పెట్టిన చోటే పుటుక్కున విరిగింది. రెండోదానికి వంపు ఎక్కువైంది. ఇది మూడోది. అటు చివర పట్టుకోవడానికి మనిషి లేడు. పనివాడు జ్వరమని కబురు పంపి పడుకున్నాడు.

"తమ్ముడూ, ఇది కాస్త అతికిస్తావా?"

గుమ్మంలో ఒకావిడ. నడివయసు. గోడ ఆసరాతో నిలబడి ఇనప చంకకర్ర చూపించింది. కింది గొట్టం నిలువునా చీలి ఉంది.

"చేతిలో పనుంది, కనబడ్డం లేదా? కూర్చో."

ఆవిడ గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఒక కాలు మడత పడలేదు. ముందుకు చాపుకుంది.

అతను మళ్లీ బండి కిందికి దూరాడు. కుడి చివర లాగితే ఎడమది జారింది. ఎడమది నొక్కితే కుడిది లేచింది. నోటికొచ్చిన తిట్లన్నీ అయిపోయాయి.

"ఈ బండి ఎవరిది తమ్ముడూ?"

"మా బావమరిదిది."

ఆవిడ బండిని ముందు నుంచి వెనకదాకా చూసింది.

"ఆ రాడ్డు ఎందుకు?"

"మలుపులో బండి ఒరక్కుండా. ఒక పక్క కుంగబోతే రెండో పక్కనీ తనతో లాగుతుంది. అందుకని పడదు."

"అసలు పడదా?"

"పడకూడదనే కదా నా ఈ తిప్పలు! నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

ఆవిడ గోడ పట్టుకుని లేచి, నెమ్మదిగా నేల మీదికి జారి, బండి పక్కకు డేక్కుంటూ వచ్చింది.

"అటు చివర నేను పట్టుకుంటాను."

వద్దనాలనుకున్నాడు. కానీ మరో దారి లేదు.

"రాడ్డు ఈ సుద్దగీత దగ్గరే ఉండాలి. కదలకూడదు."

బండి కింద ఆవిడ మొహమంతా చెమట. చూపు పైనున్న బండి మీదే ఉంది.

"బండేం మీద పడదులే. కింద దిమ్మలు పెట్టాను," అన్నాడు విసుగ్గా.

ఆవిడ కళ్లు మూసుకుంది. రాడ్డు మాత్రం వదల్లేదు.

అతను వంచాల్సిన చోట గుర్తు పెట్టి, ఊడదీసి, కాల్చి, వంచి తెచ్చాడు. సరిపోలేదు. మళ్లీ ఊడదీశాడు. ప్రతిసారీ ఆవిడ అటు చివర పట్టుకుంది. ప్రతిసారీ అతను కసిరాడు.

"కదలొద్దన్నానా!"

"కదల్లేదు తమ్ముడూ."

నిజమే, కదల్లేదు. కదిలింది అతని చెయ్యే. ఆ మాట పైకి అనలేదు.

ఎండ గుమ్మం దాటి వెళ్లిపోయాక రెండు బోల్టులూ ఒకేసారి దూరాయి. రాడ్డు తీసి ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. సన్నటి సెగ మీద ఉంచి, చల్లారాక బిగించాడు. ఇసుక బస్తాలు ఎక్కించి, బండి తీసుకుని వీధి చివరి మలుపుల్లో తిప్పి వచ్చాడు.

ఆవిడ అక్కడే ఉంది.

"ఒరిగిందా?"

"లేదు."

"మంచిది. మరి నా కర్ర..."

నడుం పీకేస్తోంది. కళ్లు మండుతున్నాయి. మళ్లీ మిషను ముందు కూర్చోవాలంటే ప్రాణం మీదికొచ్చింది.

"ఇవాళ నావల్ల కాదమ్మా. రేపు రా."

ఆవిడ చీలిన గొట్టానికి కొంగు చించి గుడ్డ చుట్టుకుంది. ఆ కర్ర మీదే ఒరుగుతూ రోడ్డు దాటి, వచ్చిన బస్సెక్కింది.

అప్పుడే బావమరిది వచ్చాడు. బండి వంక చూడలేదు. బస్సు వంకే చూస్తూ ఆగిపోయాడు.

"బావా, ఆవిడ ఇక్కడికెందుకొచ్చింది?"

"కర్ర అతికించమని. రేపు రమ్మన్నాను. ఏం, తెలుసా?"

బావమరిది పరుగెత్తాడు. బస్సు అందలేదు. రొప్పుతూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"పేరేమైనా చెప్పిందా? ఏ ఊరు?"

"నేనడగలేదు. పొద్దుపోయేదాకా నాతో పాటు రాడ్డు పట్టుకుంది పాపం. బండి ఎవరిదని అడిగితే నీదని చెప్పాను. ఇంతకీ ఎవరు?"

బావమరిది బస్సు పోయిన వైపే చూశాడు.

"మొహం చూపించలేక ఆలస్యం చేశాను బావా. ఆస్పత్రికి వెళ్లేసరికి వెళ్లిపోయిందన్నారు."

"ఎవరంటే చెప్పవేం?"

"ఆ రోజు మలుపులో నా బండి పడింది ఆవిడ మీదే బావా, డ్రైవరు తప్పేం లేదని పోలీసులకు చెప్పి నన్ను ఇంటికి పంపించిందీ ఆవిడే."