వరద వంతు

పూర్వం పొలాలకు నీళ్లు వంతులవారీగా వదిలినట్టే, ఇప్పుడు నగరంలో వరదను కాలనీలకు వంతులవారీగా వదులుతున్నారు. తూములెత్తే నీరటి సునంద పొద్దున్నే హంస కాలనీలో గడపగడపకూ తిరిగి, ఇవాళ వంతు వాళ్లదేనని చెప్పింది. బియ్యం డబ్బాలు, గ్యాస్ బండలు అప్పటికే మేడలెక్కాయి.

చివరింటి కోడలు మాత్రం గుమ్మంలోనే ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, మా అత్తకు తుంటి ఆపరేషనైంది. కదిలియ్యొద్దన్నరు డాక్టర్లు. ఈపాలి జర తప్పియ్యవా?"

వానకు వాయిదా లేదు. ఆ నీళ్లు ఎవరో ఒకరింట్లోకి పోవాల్సిందే. సునంద చెరువు కట్ట మీదికొచ్చి, హంస కాలనీ తూము ముట్టుకోకుండా తన కాలనీ తూము దాకా నడిచి, ఇంటికి ఫోన్ చేసింది.

"సామాన్లు పైకెక్కియ్యి."

"మొన్ననే గదా మన వంతైపోయింది?" విసుక్కున్నాడు భర్త.

"మొన్నటిది వేరేటోళ్లది, ఇయ్యాల్టిది ఇంకోళ్లది. మన వంతు ఎల్లుండి."