ఇరవై నాలుగే

"ఇరవై నాలుగు," అంది దర్జీ ఆవిడ, అమ్మాయి నడుం చుట్టూ తిప్పిన టేపు చటుక్కున లాగేసి.

"నిజంగానా ఆంటీ? పోయినసారి ఇరవై ఆరన్నారుగా."

"తగ్గావు మరి. ఇక చాలు, వెళ్లి అన్నం తిను. ఇంకా తగ్గితే డ్రెస్సు జారిపోతుంది. మళ్లీ విప్పి కుట్టే ఓపిక నాకు లేదు."

గుమ్మంలో నిలబడ్డ తల్లి అమ్మయ్య అనుకుంది.

పిల్ల సరిగ్గా తిండి తిని నెల కావస్తోంది. స్కూలు ప్రదర్శనలో నడుం ఇరవై నాలుగు అంగుళాలు దాటితే వెనక వరుసేనని డాన్సు టీచరు అందరి ముందూ తేల్చేసింది. డాన్సుకు కాళ్లు చూడాలి గానీ నడుం కొలవడమేమిటని ఏ తల్లీ అడగలేదు. ఈవిడా అడగలేదు.

వెళ్లబోతూ అమ్మాయి, మూలనున్న బొమ్మకు తొడిగిన నీలం గౌను ముట్టుకుంది. దాని నడుం గుప్పిట్లో పట్టేలా ఉంది.

"ఇది నాకమ్ముతారా ఆంటీ?"

"అది అమ్మేది కాదు. చెయ్యి తియ్యి."

వీధిలోకొచ్చాక అమ్మాయి కిసుక్కున నవ్వింది. "బీరువా ఆంటీకి ఎంత కోపమో."

దర్జీ ఆవిడ లావు. స్కూలు పిల్లలందరికీ ఆవిడ బీరువా ఆంటీయే.

"పెద్దవాళ్లనలా అనకు," అంది తల్లి, తనూ నవ్వేస్తూ.

ఆ పూట పిల్ల మారు వడ్డించుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు కొలిపించుకున్నా ఇరవై నాలుగే. పిల్ల తింటోంది. లోపలికి పోయిన బుగ్గలు మళ్లీ నిండాయి. కుట్టిచ్చిన డ్రెస్సు ఒంటికి అతికినట్టు సరిపోయింది.

ప్రదర్శనకు ముందు టీచరు తనే టేపు పట్టుకుంది.

ఇరవై ఏడు.

పిల్లను వెనక వరుసలోకి నెట్టారు. ఏడుస్తూ ఇంటికొచ్చింది. తల్లి విసవిసా దర్జీ కొట్టుకెళ్లింది.

"కొలవడం రానిదానివి కొట్టెందుకు పెట్టావు?"

"డ్రెస్సు సరిపోయిందా అమ్మా?"

"సరిపోతే? నా కూతురు అందరి ముందూ తలదించుకుంది. దాన్ని కూడా నీలా తయారు చెయ్యాలనా?"

దర్జీ ఆవిడ మెడలోని టేపు తీసి, చుట్టి, సొరుగులో పెట్టింది.

"తింటోందా?" అని మాత్రం అడిగింది.

తల్లి గిర్రున వెనక్కి తిరిగింది. దారిలో కనబడిన తల్లికల్లా చెప్పుకుంటూ పోయింది. ఒక్కొక్కరే వచ్చి కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు.

ప్రదర్శన రోజు మొదటి వరుసలో పిల్ల ఒకతె స్టేజీ మీదే కుప్పకూలింది. పొట్ట కనబడుతుందని పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదట. వెనక వరుసలో తన కూతురు నిబ్బరంగా నిలబడి ఉంది, ఆ డ్రెస్సులోనే.

తల్లికి అప్పుడు తట్టింది. కొలవడమే రానిదైతే, ఆ డ్రెస్సు అంత సరిగ్గా ఎలా కుదిరింది?

మర్నాడు పరుగున వెళ్లింది. కొట్టుకు తాళం.

"ఖాళీ చేసేసిందమ్మా," అన్నాడు పక్క కొట్టు ఇస్త్రీ ఆయన. "మిషను కూడా అమ్మేసింది. ఆ నీలం గౌను మాత్రం చంకలో పెట్టుకుపోయింది."

"అదెవరిది?"

"వాళ్లమ్మాయిది. అందులో పట్టాలని తిండి మానేసింది. పట్టింది కూడా." ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "ఒంటి మీద ఆ గౌనుతోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. తిరిగొచ్చింది గౌనొక్కటే."